గోదావరిని ఎక్కడ దాటాలి: ఉత్తర తెలంగాణ దారుల్లో కాగితం పటం, ఫోను పటం

పాత కరీంనగర్ జిల్లా గోదావరికి దక్షిణాన ఉంటుంది, పాత ఆదిలాబాద్ జిల్లా ఉత్తరాన. ఆదిలాబాద్‌కు దక్షిణాన గోదావరి ఉంటే ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున వార్ధా, ప్రాణహిత. మూడు దిక్కులా నదులు చుట్టిన నేల అది. అందుకే ఈ రెండు జిల్లాల మధ్య బండి తీసేవాళ్లు ముందు తేల్చుకోవలసింది గోదావరిని ఎక్కడ దాటాలన్నదే. బాసర దగ్గర ఒక వంతెన, నాగపూర్ రోడ్డు మీద సోన్ దగ్గర ఒకటి, ధర్మపురి దాటాక రాయపట్నం దగ్గర ఒకటి, గోదావరిఖని నుంచి మంచిర్యాల పోయేచోట ఒకటి. ఇంకా దిగువన కాళేశ్వరం దగ్గర దాటితే సిరొంచలో, అంటే మహారాష్ట్రలో తేలతాం. ఈమధ్య ఏళ్లలో ఇంకొన్ని చేరినా, దాటే చోట్లు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు ముఖ్యంగా మూడు దారులు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ చేరి, అక్కడ నాగపూర్ రోడ్డు ఎక్కి, సోన్ దగ్గర నది దాటి నిర్మల్, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా పోవడం ఒకటి. జగిత్యాల నుంచి ధర్మపురి వైపు మళ్లి రాయపట్నం, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూర్, ఇంద్రవెల్లి మీదుగా పోవడం రెండోది. మూడోది రాజీవ్ రహదారి పట్టుకొని పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్ దాకా పోయి, అక్కడ పడమటికి తిరిగి కెరమెరి ఘాట్ ఎక్కి, జైనూర్, ఉట్నూర్ మీదుగా చేరుకోవడం. మొదటి దారి పొడవునా వరి, పసుపు చేన్లు, ఆ తర్వాత నాలుగు వరుసల హైవే. రెండోది కవ్వాల్ పులుల అభయారణ్యం నడుమ నుంచి సాగుతుంది. మూడోది సగం బొగ్గు నేల, సగం గోండు గూడేల కొండలు. గోదావరిని ఎక్కడ దాటామన్న దాన్ని బట్టి ఆ రోజు మనం చూసే తెలంగాణే మారిపోతుంది.

ఫోను తెర మీద ఈ మూడూ ఒక నీలి గీత, రెండు బూడిదరంగు గీతలు. పక్కన నిమిషాలు రాసి ఉంటాయి. పది నిమిషాలు కలిసొస్తుందంటే మనల్ని అడవిలోకైనా పంపుతుంది. ఆ దారి అడవిదన్న ముక్క మాత్రం ముందుగా చెప్పదు. కాగితం పటం పరిచి చూసినవాళ్లకు నది, అడవి, కొండ, బొగ్గు పట్టణాలు ఒక్కచూపులో అందుతాయి. ఏ మలుపు దగ్గర తిరగాలో ఆ పటం నోరు తెరిచి చెప్పలేదు. ఈ రెంటి మీద జరిగే చర్చ సాధారణంగా పాతకాలం, కొత్తకాలం అన్న వాదులాటగా మారుతుంది. ఉత్తర తెలంగాణలో అది చాలదు. ఇక్కడ గడిచిన నలభై ఏళ్లలో నేలే మారింది. ఊళ్లు మునిగాయి, రోడ్లు చెరువుల్లోకి పోయాయి, జిల్లాలు ముక్కలయ్యాయి, హైవేల నంబర్లు మారాయి. పటం కాగితం మీద ఉందా, గాజు మీద ఉందా అన్నదాని కన్నా అది ఏనాటిది, దాన్ని ఎవరు సరిదిద్దారు అన్నవే నా దృష్టిలో అసలు ప్రశ్నలు.

కాగితం కథ మొదట చెప్పుకోవాలి. భారత సర్వే శాఖ 1767లో పుట్టింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధార రేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. ఆయన సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పనిచేస్తూ తన బృందంతో సహా జ్వరాల పాలయ్యాడు. లాంబ్టన్ హైదరాబాద్ నుంచి నాగపూర్ వైపు సాగుతూ 1823 జనవరి 20న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతలికి పోతే నాగపూర్ రోడ్డు మీదే తగులుతుంది ఆ ఊరు. మనం ఇవాళ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో దాటిపోయే దారిలో, ఈ దేశపు కొలతలు మొదలుపెట్టిన మనిషి సమాధి ఉంది.

ఆ కొలతల మీద నిలబడినవే టోపో షీట్లు. దేశాన్ని గళ్లుగా కోసి నంబర్లు వేశారు. మన వైపుది 56వ నంబరు గడి. దానిలో ఆదిలాబాద్, నిర్మల్ 56 ఐ కిందికి, జగిత్యాల 56 జె కిందికి, కరీంనగర్, మంచిర్యాల 56 ఎన్ కిందికి వస్తాయి. ఒక్కొక్కదాన్ని మళ్లీ పదహారు చేస్తే యాభై వేలకు ఒకటి కొలతలో షీటు వస్తుంది. నేల మీద అర కిలోమీటరు దూరం కాగితం మీద ఒక సెంటీమీటరు అన్నమాట. వాగు, చెరువు, బావి, గుడి, బండ్ల బాట, కాలిబాట అన్నీ ఉంటాయి అందులో. ఎత్తు గీతలు మామూలుగా 20 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటాయి. గీతలు దగ్గరదగ్గరగా ముడుచుకుంటే ఏటవాలు, దూరం జరిగితే మైదానం. కెరమెరి దగ్గర ఆ గీతలు చూసినవాడు లోడు బండితో అటు పోవాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చునే తేల్చుకోగలడు.

ఫోను పటంలో నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా కనిపించేది ఇదే. అది దూరం చెబుతుంది, సమయం చెబుతుంది, ఏటవాలు సంగతి కారులో పోయేవాడికి చెప్పదు. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు అదుపు తప్పి లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఫోనుకూ పటానికీ ఆ ఘోరంతో సంబంధం లేదు. దగ్గరి దారి ఎప్పుడూ క్షేమమైన దారి కాదని ఈ జిల్లాలకు అంత కఠినంగా తెలిసొచ్చిన రోజు ఇంకోటి లేదు కాబట్టి చెబుతున్నాను. దారిని ఎంచేటప్పుడు కిలోమీటర్లతో పాటు కొండ వాలు కూడా లెక్కలోకి రావాలి. ఆ లెక్క కాగితంలో ఉంది, కారు నడిపేవాడి తెర మీద లేదు.

ఇంత వివరమైన షీట్లు మరి జనం చేతికి ఎందుకు రాలేదు? దేశ రక్షణ పేరుతో వాటిని చాలాకాలం బిగించి ఉంచారు. 2005 జాతీయ మ్యాప్ విధానం వచ్చాకే రక్షణ శాఖకు ఒక వరస, జనానికి ఒక వరస అని విడదీశారు. 2017లో సర్వే శాఖ 250 ఏళ్లు నిండిన సందర్భంగా 'నక్షే' అనే పోర్టల్ పెట్టి జనం వరస షీట్లను ఉచితంగా దించుకోనిచ్చింది. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం ముందస్తు అనుమతుల చిక్కులు తీసేసి, దేశీయ సంస్థలు పటాలు చేసుకోవడాన్ని సులువు చేసింది. అప్పటికి చాలా ఆలస్యమైంది. జనం జేబుల్లో వేరే పటం చేరిపోయింది.

మామూలు ప్రయాణికుడి దగ్గర ఉండింది టోపో షీటు కాదు. బస్టాండు పుస్తకాల దుకాణంలో దొరికే మడత పటం, టీటీకే వాళ్ల రోడ్ గైడు, డైరీ వెనక అచ్చేసిన రాష్ట్ర పటం. అవి బొమ్మలంత స్థూలం. అయినా ఒక పని చేశాయి. నిర్మల్‌కు ఏది తూర్పు, భైంసా ఎటు, చెన్నూరు దాటితే ఏమొస్తుంది అన్నది ఇంటిల్లిపాదికీ నేర్పాయి. ముందు సీట్లో కూర్చున్న పిల్లాడు పటం పట్టుకొని ఊళ్ల పేర్లు చదువుతుంటే వెనక సీట్లోవాళ్లకూ దారి తెలిసేది.

ఆ కాగితాలన్నీ కొద్ది ఏళ్లలోనే పాతబడ్డాయి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. తరాలుగా ఏడో నంబరుగా ఉన్న నాగపూర్ రోడ్డు 44 అయింది. నిజామాబాద్ నుంచి జగిత్యాల, మంచిర్యాల మీదుగా జగ్దల్‌పూర్ పోయే 16 కాస్తా 63 అయింది. 2016 అక్టోబర్ 11న పది జిల్లాల తెలంగాణ ముప్ఫై ఒక్క జిల్లాలయింది. 52 మండలాల ఆదిలాబాద్ నాలుగైంది: ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్. 57 మండలాల కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడివడ్డాయి, కొన్ని మండలాలు సిద్దిపేట, వరంగల్, భూపాలపల్లి వైపు పోయాయి. ఒక్క దసరా నాడు ఇంటింటి గోడ మీది పటమూ పాతదైపోయింది.

పేర్లు, నంబర్లు మారితే పెద్ద నష్టం లేదు. రోడ్డు ఉన్నచోటే ఉంటుంది. నీళ్లు వచ్చినప్పుడు ఆ మాట అనలేం. 1985లో దిగువ మానేరు డ్యాం పూర్తయింది. దాదాపు 24 టీఎంసీల నీరు కరీంనగర్ అంచున నిలిచింది. తర్వాత గోదావరి మీద 20 టీఎంసీల ఎల్లంపల్లి, మానేరు మీద 27 టీఎంసీల మిడ్ మానేరు వచ్చాయి. వేములవాడ, బోయినపల్లి మండలాల్లో కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, రుద్రవరం, సంకెపల్లి, చింతలఠాణా లాంటి ఊళ్లు నీళ్ల కిందికి పోయి, అవే పేర్లతో వేరే గుట్టల పక్కన పునరావాస కాలనీలుగా లేచాయి. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయ గుడికి ఒకప్పుడు ఊళ్లోంచి నడిచిపోయేవారు. ఇప్పుడు నీళ్లు నిండితే పడవ ఎక్కాలి. ఒకే పేరుతో రెండు ఊళ్లు, ఒకటి నీళ్ల కింద, ఒకటి ఒడ్డున. ఏ పటమైనా ఇక్కడ తడబడుతుంది. కాగితానికి అచ్చయిన నాటి ఊరే తెలుసు. ఫోనుకు ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు.

చెప్పకపోతే ఏమవుతుందో హుస్నాబాద్ వైపు చూశాం. 2016 దాకా పాత కరీంనగర్‌లోనే ఉన్న ప్రాంతం అది. అక్కన్నపేట మండలంలో గౌరవెల్లి రిజర్వాయర్ కట్టారు, గుడాటిపల్లి మునిగింది. ఆ మీదుగా పోయే పాత రోడ్డు నీళ్లలోకి దిగిపోయింది. కొన్నేళ్ల కిందట తమిళనాడు లారీ ఒకటి రాత్రిపూట ఫోను చూపిన దారినే పట్టుకొని తిన్నగా రిజర్వాయర్ నీళ్లలోకి పోయిందని పత్రికలు రాశాయి. నీళ్లు ఇంజిను దాకా వచ్చాక గానీ డ్రైవరుకు తెలియలేదు. మనుషులు బయటపడ్డారు.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 2023 అక్టోబర్ 1న కేరళలోని గోతురుత్ దగ్గర వానరాత్రి కారు పెరియార్ నీళ్లలోకి పోయి ఇద్దరు యువ వైద్యులు చనిపోయారు. 2024 నవంబర్ 24న ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర వరదకు ఒక కొస కొట్టుకుపోయిన వంతెన మీంచి కారు రాంగంగలో పడి ముగ్గురు చనిపోయారు. ఈ రెండు చోట్లా నావిగేషన్ మీదే నింద పడింది. బరేలీలో ఆ వంతెనకు అడ్డంగా గట్టి బారికేడ్ కూడా లేదని తేలి, ప్రజా పనుల ఇంజినీర్ల మీద కూడా కేసు పెట్టారు. నా మనసులో ఎక్కువగా నిలిచింది ఆ రెండో సంగతి. గౌరవెల్లిలోనూ రోడ్డును నీళ్లలో కలిపిన శాఖ ఆ రోడ్డు మొదట్లో మట్టికట్ట వేసి, ఎర్రగుడ్డ కట్టి, బోర్డు పెట్టి ఉంటే ఏ పటం ఎంత తప్పు చెప్పినా లారీ ఆగేది. ఇరవై అడుగుల బోర్డు ఖర్చు రిజర్వాయర్ ఖర్చులో కనబడనంత చిన్నది. అది పెట్టకుండా తప్పంతా ఫోను మీదకి నెట్టడం న్యాయం కాదు.

బొగ్గు నేలలోనూ ఇదే పరిస్థితి. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వైపు సింగరేణి ఓపెన్‌కాస్టులు విస్తరించిన కొద్దీ పాత రోడ్లు తెగిపోయి, గని అంచు చుట్టి కొత్త రోడ్లు పడతాయి. నిరుడు లారీ పోయిన బాటలో ఈ ఏడు మట్టిదిబ్బ ఉంటుంది. మేడిగడ్డ సంగతి ఇంకో రకం. బరాజ్ మీది వంతెన తెలంగాణకూ మహారాష్ట్రకూ దగ్గరి దారి అయింది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు పిల్లర్లు కుంగాక దాని మీద రాకపోకలు ఆపేశారు. కాగితం మీద గీసిన వంతెనను చూసి అది నడుస్తున్నదీ ఆగిందీ ఎవరూ చెప్పలేరు. ఇలాంటి చోట ఫోనుకు ఒక శక్తి ఉంది. మూసిన మాట ఒక్కసారి దానికి చేరితే అందరి తెర మీదా అదే గంటలో మారుతుంది. అచ్చయిన పటానికి ఆ వరం ఎప్పటికీ రాదు.

ఫోను చేసే మేలును తక్కువ చేసి రాయడం నాకు ఇష్టం లేదు. అమెరికా జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను కావాలని మసకబార్చే పద్ధతి 2000 మేలో ఆగింది. ఆనాటి నుంచే మామూలు మనిషి చేతిలోని పరికరం కొద్ది మీటర్ల తేడాతో చోటు చెప్పగలుగుతోంది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. 2008లో మ్యాప్ మేకర్ వచ్చాక మన ఊళ్ల కుర్రాళ్లే తమ గల్లీ, తమ బడి, తమ చెరువు కట్ట గీసి పెట్టారు. దాన్ని 2017లో మూసేశారు గానీ, ఇవాళ పల్లె రోడ్డు ఫోనులో కనబడుతుందంటే ఆ చేతుల పుణ్యం అందులో ఉంది. టూవీలర్ దారులు వేరుగా చూపడం 2017 చివర్లో, తెలుగు గొంతుతో మలుపులు చెప్పడం 2018లో వచ్చాయి. దేశీయంగా మ్యాప్‌మైఇండియా 1995 నుంచీ ఉంది. ఇస్రో వాళ్ల భువన్ 2009లో మొదలైంది, అది నడిచేది హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ నుంచే.

ఇవన్నీ రోజువారీ బతుకులో ఏం మార్చాయో చెప్పాలి. రాత్రి తొమ్మిదికి కరీంనగర్‌లో కొత్త ఆసుపత్రి వెతకాలంటే పటం విప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఒంటరిగా బండి నడిపే ఆడపిల్ల తన లొకేషన్ అమ్మకు పంపి ఉంచితే ఇద్దరికీ ధైర్యం. పెళ్లి పత్రిక మీద ఫంక్షన్ హాలు లొకేషన్ ముద్రిస్తే చుట్టాలు చౌరస్తా చౌరస్తాకీ ఆగి అడగనక్కర్లేదు. చదువు రాని డ్రైవరుకు గొంతు దారి చెబుతుంది. కాగితం పటం అక్షరం వచ్చినవాడికే చుట్టం. ఈ ఒక్క కారణంతోనే ఫోను పటం గొప్ప సమానత్వాన్ని తెచ్చిందని నేను నమ్ముతాను. చట్టం కూడా దాన్ని గుర్తించింది. 2020 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, డ్రైవరు ఏకాగ్రత చెడకుండా దారి చూసుకోవడానికి మాత్రమే చేతి పరికరాన్ని వాడవచ్చు.

చిక్కంతా గుడిహత్నూర్ దాటి కుడిచేతికి తిరిగాక మొదలవుతుంది. ఫోను సమయం లెక్కగట్టేది ఆ దారిలో పోయిన ఇతర ఫోన్ల వేగాన్ని చూసి. హైవే మీద వేల ఫోన్లు పోతాయి కాబట్టి లెక్క కుదురుతుంది. తిర్యాణి, లింగాపూర్, సిర్పూర్ యు, కెరమెరి మండలాల్లో బండ్లే తక్కువ, సిగ్నల్ ఉండే చోట్లు ఇంకా తక్కువ. అక్కడ యంత్రం చెప్పే నిమిషాలు అంచనా మాత్రమే. వాగు మీద లో లెవల్ వంతెన వానాకాలం మునుగుతుందన్నది దానికి తెలియదు. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగినదాన్ని మించి వరద వచ్చింది. అలాంటి వారంలో ఆ చుట్టుపక్కల ఏ కాజ్‌వే మీద నీరు పారుతోందో, ఏది తేలిందో ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

జన్నారం అడవి విషయం వేరు. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యం చేశాక అటవీ శాఖ చెక్‌పోస్టులు వచ్చాయి. రాత్రి రాకపోకల మీద, పెద్ద బండ్ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు నడిచాయి, స్థానికుల నుంచి గట్టి నిరసనలూ వచ్చాయి. ఆ వాదంలోకి ఇక్కడ పోను. బయటి నుంచి వచ్చేవాడు సాయంత్రం కరీంనగర్‌లో బయలుదేరి, నిమిషాలు తక్కువని ఫోను అటు పంపితే, చీకటి పడ్డాక గేటు దగ్గర నిలబడిపోయే అవకాశం ఉందని మాత్రం తెలుసుకోవాలి. టోపో షీటు మీద ఆ అడవి మొత్తం ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగే ముందు హెచ్చరిక.

జలపాతాల దగ్గర మరో సంగతి. కడెం నది మీద 45 మీటర్ల కుంతాల నేరడిగొండ నుంచి సులువుగా చేరవచ్చు, దారి పొడవునా బోర్డులున్నాయి. బోథ్ వైపు పొచ్చెర అంతే. గాయత్రి, కనకాయి, లింగాపూర్ వైపు సప్తగుండాల లాంటివి అలా కాదు. పోయినవాళ్లు తమ బండి ఆపిన చోటునో, సిగ్నల్ అందిన చోటునో జలపాతంగా గుర్తు పెట్టి వెళ్తారు. తర్వాతివాళ్లు ఆ గుర్తు పట్టుకొని పత్తిచేను మధ్యలో తేలతారు. అక్కడ దగ్గరి గూడెంలో ఒక కుర్రాణ్ని అడిగి, వెంట తీసుకెళ్లి, అతని కష్టానికి తగిన డబ్బు చేతిలో పెట్టడమే సరైన పద్ధతి. జారుడు బండలు ఎక్కడున్నాయో తెలిసింది అతనికే.

కెరమెరి కొండల్లో ఇంకో పాఠం ఉంది. పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ చుట్టుపక్కల ఊళ్లను తెలంగాణా తనవంటుంది, మహారాష్ట్రా తనవంటుంది. అక్కడి మనుషుల దగ్గర రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్నాయి. ఊళ్లో రెండు బడులు. వాళ్లకు హద్దు గీత కడుపు నింపే సంగతీ, పట్టా రాకుండా ఆపే సంగతీ. పటం గీసినవాడు ఏ గీతను ఎటు జరిపాడన్నది అక్కడ పోడు భూమి దున్నుకునే రైతును తరతరాలు వెంటాడింది. పటాన్ని ప్రయాణపు వస్తువుగానే చూసే మనం ఆ ఊళ్ల సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇదే నేల మీద పటం అక్కర్లేని ప్రయాణం ఒకటి ఏటేటా సాగుతోంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరి హస్తిన మడుగు నుంచి పవిత్ర జలం తెస్తారు. కొండలు, అడవులు దాటుకుంటూ, మధ్యలో ఏ ఊళ్లో ఆగాలో, ఎక్కడ రాత్రి గడపాలో పెద్దలు చెప్పిన క్రమంలోనే కాలినడకన పోయి వస్తారు. హైవే వచ్చినా, బస్సు వచ్చినా వాళ్ల బాట వాళ్లదే. ఆ దారి కాగితం మీద కన్నా ముందు కాళ్లలో, పాటలో, ఆగే చెట్టు నీడలో ఉంది. దారి గుర్తుండటం అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే శాస్త్రవేత్త లండన్ దాకా పోనక్కర్లేదు.

లండన్ పేరు ఎత్తడానికి కారణం ఉంది. అక్కడి టాక్సీ డ్రైవర్లు వేల వీధులు కంఠతా పట్టి పరీక్ష నెగ్గాలి. వాళ్ల మెదడులో చోటును గుర్తుంచుకునే హిప్పోకాంపస్ వెనక భాగం ఇతరులకన్నా పెద్దదని ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో చూపింది. జపాన్‌లో తోరు ఇషికావా, సహచరులు 2008లో అచ్చు వేసిన ప్రయోగం మన చర్చకు ఇంకా దగ్గర. కొందరిని జీపీఎస్ పరికరంతో, కొందరిని కాగితం పటంతో, కొందరిని ముందుగా ఒకసారి దారి చూపించి నడిపించారు. పరికరం పట్టుకున్నవాళ్లు ఎక్కువ దూరం నడిచారు, ఎక్కువసార్లు ఆగారు, తర్వాత ఆ దారిని గీయమంటే ముందుగా దారి చూసినవాళ్లకన్నా తప్పుగా గీశారు. నడక మీద చేసిన ప్రయోగం కారుకు అంతే వర్తిస్తుందని గట్టిగా అనలేం. అయినా ఏడాదిగా ఫోను చెప్పిన మలుపులు తిరుగుతూ రోజూ సిరిసిల్ల నుంచి కరీంనగర్ వచ్చే మనిషిని మానేరు ఎటు పారుతుందని అడిగి చూడండి.

ఆర్టీసీ డ్రైవర్లు ఈ నేల అసలు పటాలు. 1932లో నిజాం రైల్వేల కింద 27 బస్సులతో మొదలైన సర్వీసు వాళ్లది. ఏ స్టేజీ దగ్గర ఎన్నింటికి ఎవరు ఎక్కుతారో, ఏ వాగు ఏ నెలలో పొంగుతుందో, ఏ మూలమలుపు దగ్గర హారన్ కొట్టాలో వాళ్లకు తెలుసు. పల్లె వెలుగు బస్సు పోయే రోడ్డు పట్టుకుంటే ఆ దారి నడుస్తున్న దారేనని నమ్మవచ్చు. కొత్తచోట ఫోను రెండు గీతలు చూపి తేల్చుకోమన్నప్పుడు నేను చూసేది బస్సు ఎటు పోతోందని. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్లు కూడా అలాంటివే. పసుపు తల జాతీయ రహదారిది, ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారిది. వాటికి బ్యాటరీ అక్కర్లేదు. ఆదిలాబాద్ మే నెల ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి తెర నల్లబడ్డప్పుడు ఆ రాయే దిక్కు.

ఇక మనిషిని అడగడం. "అన్నా, ఉట్నూర్‌కు గిట్ల పోవచ్చునా?" అంటే హోటల్ కాడి పెద్దమనిషి చాయ్ గ్లాసు కింద పెట్టి లేచొచ్చి, "పోవచ్చు గని తమ్మీ, మొన్నటి వానకు ఒర్రె కాడ రోడ్డు తెగింది. ఎన్కకు మర్లి స్టేజీ కాడికెళ్లి పోర్రి, సీదా రోడ్డు" అంటాడు. ఆ వాక్యంలో మొన్నటి వాన ఉంది. ఏ పటంలోనూ లేనిది అదే. అద్దం దించి అడగడం మానేసిన ప్రయాణికుడు ఈ ఒక్క సమాచారాన్ని చేజేతులా వదులుకుంటున్నాడు.

ఇంత చూశాక ప్రభుత్వాన్నీ, మనల్నీ అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. రోడ్డును ముంచిన రోజునే నీటిపారుదల శాఖ దానికి అడ్డుకట్ట, చీకట్లో మెరిసే బోర్డు పెట్టాలి. అదే రోజున మూసిన రోడ్ల జాబితా తెలుగులో, ఎవరైనా వాడుకోగలిగే రూపంలో జిల్లా వెబ్‌సైటులో పెట్టాలి. మ్యాప్ సంస్థలు దాన్ని నేరుగా తీసుకోవాలి. వానాకాలంలో ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ శాఖల దగ్గర మునిగే కాజ్‌వేల లెక్క ఎలాగూ ఉంటుంది. దాన్ని ఫైలులో ఉంచుకోవడం వల్ల ఎవరికీ లాభం లేదు. రాష్ట్రం తన ఉత్తర జిల్లాల రోడ్డు పటాన్ని తెలుగులో, కొత్త రిజర్వాయర్లతో, పునరావాస ఊళ్లతో, ఘాట్లతో, అటవీ గేట్లతో అచ్చువేసి బస్టాండ్లలో అమ్మాలి. దాని మూలన ఏ నెల వరకు సరిచూశారో పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఉట్నూర్ ఐటీడీఏ పరిధిలోని ఊళ్లను ఆయా గూడేల యువకులే గుర్తించి ఇవ్వాలి, ఆ పనికి జీతం ఇవ్వాలి.

మనం చేయగలిగింది కూడా తక్కువేం కాదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఎవరి సొత్తూ కాదు. మునిగిన రోడ్డును చెరిపి, కొత్త రోడ్డు గీసి, గూడెం పేరు తెలుగులో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాని మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ లాంటివి సిగ్నల్ లేకున్నా పనిచేస్తాయి, ఎత్తు గీతలు కూడా చూపించగలవు. గూగుల్‌లోనూ ప్రాంతాన్ని ముందే దించుకోవచ్చు. ఉపగ్రహ సంకేతానికి సిమ్ కార్డుతో పనిలేదు కాబట్టి సిగ్నల్ పోయిన అడవిలో కూడా చుక్క కదులుతూనే ఉంటుంది. బయలుదేరే ముందు ఇంట్లో పటం పరిచి, పిల్లలతో కలిసి గోదావరిని ఎక్కడ దాటాలో తేల్చుకొని, ఆ వంతెన పేరు చెప్పి, ఆపైన ఫోనుకు గమ్యం ఇవ్వండి. అది వేరే వంతెన వైపు తిప్పితే ఎందుకని ఆగి చూడండి. ముందు రోడ్డు జామయి ఉండవచ్చు, నిన్న మూసి ఉండవచ్చు. అడవిలో పది నిమిషాలు కలిసొస్తాయన్న లెక్క ఒక్కటే కనిపిస్తే మాత్రం సోన్ వంతెన మీదుగానే పోండి.